ఒక రోజు వేట

ఆ మంగళవారం ఈశ్వర్ విశాఖపట్నం వరకూ వెళ్లలేదు. రణస్థలంలో బస్సు దిగిపోయాడు.

దిగాలని ముందుగా అనుకున్నది కాదు. శ్రీకాకుళం దాటినప్పటినుంచీ అతని కుడిచెయ్యి తెలియకుండానే నడుం పక్కకు పోతూ ఉంది. అక్కడే కోస్తారని ఆసుపత్రిలో నర్సు వేలితో గీసి చూపించింది. బస్సు ఆగగానే కాళ్లు వాటంతట అవే లేచాయి. రోడ్డు పక్క టీకొట్టు బల్ల మీద కూర్చుని, వచ్చే బస్సు ఎక్కుదాం, ఆ తరవాతది ఎక్కుదాం అనుకుంటూ సాయంత్రం దాకా గడిపాడు. నాలుగు టీలు తాగాడు. పొద్దు వాలుతుండగా రోడ్డు దాటి, అవతలివైపు నిలబడి, ఇంటికి పోయే బస్సు ఎక్కాడు.

అన్న నూకయ్యకు రెండు కిడ్నీలూ పాడై అప్పటికి ఏడాది. వారానికి రెండుసార్లు శ్రీకాకుళంలో డయాలసిస్. సోమవారం, గురువారం నాలుగేసి గంటలు కుర్చీలో పడుకుంటే మిషను రక్తాన్ని కడిగి పంపుతుంది. ఎవరైనా కిడ్నీ ఇస్తే మనిషి మళ్లీ మనిషవుతాడని డాక్టరు చెప్పాడు. తల్లి గున్నమ్మకు షుగరుంది కాబట్టి ఆమె పనికిరాదన్నారు. నూకయ్య భార్య దేవిది వేరే గ్రూపు. ఈశ్వర్‌ది కలిసింది. మిగతా పరీక్షలకి మంగళవారం రమ్మన్నారు. ముందురోజు డయాలసిస్ అయి నూకయ్య నీరసంగా ఉండటంతో దేవి కదలలేకపోయింది. అందుకే ఈశ్వర్ ఒక్కడే బయలుదేరాడు.

తండ్రి సముద్రంలో పోయినప్పుడు ఈశ్వర్‌కి ఏడేళ్లు, నూకయ్యకి పదిహేను. మడ్డువానిపేటలో అంత చిన్నవాణ్ణి తెప్ప ఎక్కించుకోడానికి ఎవరూ ఒప్పుకోకపోతే, ఇల్లిల్లూ తిరిగి బతిమాలి చేపల వేటలోకి దిగాడు నూకయ్య. తమ్ముణ్ణి పదో తరగతి దాకా చదివించాడు. ఈశ్వర్ తిన్న ప్రతి ముద్దా అన్న వలలోంచి వచ్చిందే. ఆ సంగతి టీకొట్టు బల్ల మీద కూర్చున్నప్పుడూ గుర్తుంది. గుర్తుండి కూడా లేవలేకపోయాడు.

ఇంటికి చేరేసరికి దేవి గుమ్మంలోనే ఉంది.

"ఏటన్నారు ఈశ్వరూ?"

"సరిపోనేదంట వొదినా."

ఆమె గుమ్మం పట్టుకుంది. తరవాత కొంగుతో ముఖం తుడుచుకుని, "నువ్వేటి సేస్తావు, నీ సేతిలో ఉన్నదేటి? కాళ్లు కడుక్కో. పొద్దున్నెప్పుడో తినెల్లినావు," అంది. కంచంలో అన్నం పెట్టి, కోనాం చేప ముక్కల్లో పెద్దది ఏరి వేసింది. ఈశ్వర్ తిన్నాడు. కాగితం ఏదని ఎవరూ అడగలేదు. ఆ ఇంట్లో ఆసుపత్రి కాగితాలు చదవగలిగినవాడు అతనొక్కడే.

అతని భార్య హేమ కూడా ఏమీ అడగలేదు. అప్పటికి ఆమెకి ఆరో నెల. "సరిపోనేదంట" అన్న మాట వినగానే ఆమె ముఖంలోంచి భారం దిగిపోవడం ఈశ్వర్ చూశాడు. అతను చూశాడని గ్రహించి ఆమె తల దించుకుంది.

చనిపోయినవాళ్ల అవయవాలు ఇచ్చే వరసలో నూకయ్య పేరు రాశారు. పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. ఆపరేషన్ సర్కారు ఇచ్చిన కార్డు మీద ఉచితంగా అయిపోతుంది గానీ, ఆ తరవాత కొన్ని నెలలు పట్నంలో గది తీసుకుని ఉండాలి, బతికినన్నాళ్లూ మందులు మింగాలి. పడవలో వాటా అప్పటికే అమ్మేశారు. చందాలు పోగుచేద్దామన్న ఆలోచన ఈశ్వర్‌దే. ఇంట్లో ఊరికే కూర్చుంటే అన్న ముఖం చూడాల్సివస్తుంది. తిరుగుతూ ఉంటే ఆ బాధ తప్పుతుంది.

ఒడ్డున పడవల ముందు నిలబడి ఫోన్‌లో వీడియో తీసుకున్నాడు. తండ్రి పోయిన సంగతి, అన్న పెంచిన సంగతి చెప్పాడు. చెబుతూ చెబుతూ, "మా ఇంట్లో అందరం పరీక్షలు సేయించుకున్నామండి. ఎవ్వరిదీ సరిపోనేదు. సరిపోతే ఈపాటికి నాను ఇచ్చేద్దును," అన్నాడు. ఆ మాట అనమని అతన్నెవరూ అడగలేదు. నోట్లోంచి వచ్చేసింది. 

వీడియో చాలా దూరం పోయింది. వేరావల్‌లో, పారాదీప్‌లో, మంగళూరులో బోట్ల మీద పనిచేసే ఊరివాళ్లు తలా కొంత ఫోన్‌లోనే పంపారు. తెలియనివాళ్లు ఫోన్ చేసి ఏడ్చారు. "అన్నంటే ఇంత పేనమా బాబూ, లచ్మణుడివిరా నువ్వు," అందొక ముసలావిడ. 

సంతలకి కూడా వెళ్లేవాడు. చీపురుపల్లి సంతలో నూకయ్య ఫొటో పట్టుకుని నిలబడ్డప్పుడు, పెసలు అమ్ముకోడానికి వచ్చిన చిన్నతల్లి అనే రైతుమనిషి బేరమంతా ఆపి అతని కథ విన్నది. ఆ రోజు అమ్మిన డబ్బు చీర చెంగులోంచి విప్పి మొత్తం అతని చేతిలో పెట్టింది.

"అంతా వొద్దమ్మా, ఇంటికేటి అట్టుకెల్తావు?" అన్నాడు ఈశ్వర్.

"ఉంచు నాయనా. నాకు ముగ్గురు తమ్ముళ్లు. మా ఆయన మంచాన పడితే ఒక్కడంటే ఒక్కడు తొంగి సూడనేదు. నీలాటోడు ఒక్కడుండుంటే నా బతుకిలగ ఉండునేటి?" అందామె.

ఈశ్వర్ ఆ డబ్బు పట్టుకుని రైల్వే స్టేషను దాకా వెళ్లాడు. ఆ రోజు ఆమెను వెతుక్కుంటూ మళ్లీ సంతలోకి వెళ్లాడు, నిజం చెప్పేద్దామనో డబ్బు తిరిగిచ్చేద్దామనో. ఆమె తట్ట సర్దుకుని వెళ్లిపోయింది.

ఇంకా కావలసింది చాలా ఉందని తెలిసి, మాఘంలో ఊరి పెద్దలు కూర్చుని ఒక మాట అనుకున్నారు. వేటకి పోయే ప్రతి పడవా ఒక రోజు వేట నూకయ్యకి ఇచ్చెయ్యాలి. ఆ రోజు డీజిలు ఎవరిది వాళ్లదే. కూలి ఎవరూ తీసుకోకూడదు. తట్టలు మోసే ఆడవాళ్లకి కూడా అదే మాట.

ఆ రోజు తిరుమలరావు పడవలో ఒక మనిషి తక్కువయ్యాడు. "నువ్వు రారా," అని ఈశ్వర్‌ని పిలిచాడు. వరసకి బావ. నూకయ్యకీ అతనికీ నాలుగేళ్లుగా మాటల్లేవు. సముద్రంలో ఇద్దరి వలలూ చిక్కుపడితే నూకయ్య తన వల కాపాడుకోడానికి తిరుమలరావు వల కోసేశాడు. ఆ తగువు పోలీసుల దాకా వెళ్లింది. అలాంటివాడు వేట ఇస్తున్నాడంటేనే ఊరికి ఆశ్చర్యంగా ఉంది.

వల వేశాక తిరుమలరావు బీడీ ముట్టించి అడిగాడు.

"ఒరే, ఒకే తల్లి కడుపున పుట్టినారు గదా. నీది ఎందుకు సరిపోనేదంటావు?"

ఈశ్వర్ తాడు సర్దుతూ, "డాక్టర్లకి తెలవాల బావా," అన్నాడు.

"నాది ఓ గ్రూపే, ఎవుడికైనా సరిపోతాదంట. రక్తం ఇచ్చినప్పుడు సెప్పినారు. దగ్గిర సుట్టం కాకపోయినా కిడ్నీ ఇవ్వొచ్చంట గదా, కమిటీ ఏదో ఒప్పుకోవాలంట. మీ వొదినతో మాటాడినాను. బుధవారం ఎల్దామనుకుంటన్నాం."

ఈశ్వర్ చేతిలో తాడు ఆగిపోయింది. "నువ్వా? మీ ఇద్దరికీ మాటల్నేవు గదా బావా!"

"మాటల్నేకపోతే?" తిరుమలరావు పొగ వదిలి నవ్వాడు. "ఆడు సచ్చిపోతే నాను ఎవుడితో తగువాడాలిరా?"

ఈశ్వర్ సముద్రం వైపు తిరిగిపోయాడు. ఆ పడవలోంచి దూకి ఒడ్డుకి ఈదుకుపోవాలనిపించింది. "కమిటీవోల్లు ఒప్పుకోరంట బావా, అనవసరంగా తిరగడమే," అన్నాడు. తన గొంతు తనకే అసహ్యంగా వినిపించింది.

ఆ రోజు వలల్లో కవళ్ల చేపలు గుంపులు గుంపులుగా పడ్డాయి. పడవలు ఒక్కొక్కటీ ఒడ్డెక్కుతుంటే ఆడవాళ్లు మోకాళ్ల లోతు నీళ్లలోకి దిగి తట్టలు అందుకున్నారు. డెబ్బై ఏళ్ల జగ్గమ్మ, నడుం వంగిన మనిషి, వద్దంటే వినకుండా మూడు తట్టలు మోసింది. షావుకార్లు చేపలకి వేలంపాట పాడుతున్నంతసేపూ నూకయ్య ప్లాస్టిక్ కుర్చీలో తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. ఎవరికీ తల వంచని మనిషి. పాట అయిపోయాక లేచి నిలబడి, వచ్చిన ప్రతి పడవ వైపూ తిరిగి చేతులు జోడించాడు. తిరుమలరావు పడవ దగ్గర ఇంకాస్త సేపు నిలబడ్డాడు. పక్కనే వల దులుపుతున్న ఈశ్వర్ తల ఎత్తలేదు.

బుధవారం దేవి, తిరుమలరావు విశాఖపట్నం వెళ్లారు. ఈశ్వర్ ఆపాలని రెండుసార్లు ప్రయత్నించాడు. "నువ్వెందుకలగ కంగారుపడతన్నావు?" అని దేవి వింతగా చూసేసరికి ఊరుకున్నాడు. ఆ రోజంతా పాకలో కూర్చుని చిరిగిన వల ముందేసుకున్నాడు గానీ ఒక్క కన్నం కూడా అల్లలేదు.

వాళ్లు ఎండ తగ్గేవేళకి తిరిగొచ్చారు. తిరుమలరావు పాక దాకా రాలేదు. దూరంనుంచే ఈశ్వర్‌ని ఒకసారి చూసి, తన ఇంటివైపు వెళ్లిపోయాడు. దేవి వచ్చి ఎదురుగా ఇసకలో కూలబడింది.

"అక్కడ పేర్లు రాసే అమ్మాయి మన కాగితాలు తీసింది," అంది. "మీ మరిదిగారు మళ్లీ రాలేదేమండీ అనడిగింది. మంగళవారం రమ్మన్నాం, ఫోన్ చేస్తే ఎత్తలేదు, భయపడ్డారేమో అనుకున్నాం అంది. ఇష్టం లేకపోతే లేదని చెప్పొచ్చు, మేం ఎవర్నీ బలవంతం చెయ్యం అంది. అది తేలేదాకా బయటి మనిషి పేరు రాయనంది. నానేటనాలో తెలీక నవ్వినాను ఈశ్వరూ. ఆ పిల్ల ముందు నవ్వినాను."

ఈశ్వర్ ముందున్న వల పక్కకి జరిపాడు.

"నిజవేనా?"

అతను తల ఊపాడు. "బయమేసింది వొదినా. హేమకప్పుడు కడుపు. నాకేటైనా అయితే... ఒక్క కిడ్నీతో యేటకెల్లలేనేమోనని... బస్సు దిగిపోయినాను."

"నానివ్వనని సెప్పేసుంటే ఏటైపోను? నానేటైనా అందునా? మీ అన్న అనునా?" ఆమె గొంతు లేవలేదు. అదే అతనికి ఇంకా కష్టంగా ఉంది. "నీది సరిపోనివ్వనేదని అమ్మోరికి దీపం ఎట్టడం మానేసినాన్రా నాను. ఎనిమిది నెల్లనుంచి. ఆ తల్లిని తిట్టని రోజు నేదు. ఎవర్ని తిట్టాల్సింది ఎవర్ని తిట్టినాను!"

ఈశ్వర్ ఆమె కాళ్ల మీద పడబోయాడు. ఆమె కాళ్లు వెనక్కి తీసుకుంది.

"నా కాల్లెందుకు. మీ అన్నకి నాను సెప్పను. నువ్వే సెప్పుకో."

మర్నాడు గురువారం. డయాలసిస్‌కి ఈశ్వరే తీసుకెళ్లాడు. నూకయ్య చేతికి సూదులు గుచ్చి, మిషను నడిపించి, నర్సు వెళ్లిపోయింది. గొట్టంలో రక్తం ఎర్రగా తిరుగుతోంది. అన్న నాలుగు గంటలు ఎక్కడికీ కదలలేడు. ఈశ్వర్ పక్క స్టూలు మీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. రణస్థలం గురించి చెప్పాడు. వీడియోలో తను అన్న మాట గురించి చెప్పాడు. చీపురుపల్లి చిన్నతల్లి గురించి చెప్పాడు. ఒక్కటీ దాచలేదు. చెప్పడం పూర్తయ్యాక నూకయ్య పైకప్పు చూస్తూ ఉండిపోయాడు.  అన్న తిడితే బావుండునని, ఖాళీగా ఉన్న ఆ రెండో చేత్తో కొడితే బావుండునని ఈశ్వర్ ఎదురు చూశాడు.

నూకయ్య అన్నాడు: "నీ ఒల్లు నీది. కోసుకోమని నానెవుణ్నిరా? నానడగనూ నేదు."

"అన్నియ్యా..."

"ఉండు. నీ ఒల్లు నీది గానీ, ఊరి యేట నీది కాదు. జగ్గమ్మ మోసిన తట్ట నీది కాదు. తిరుమలు ముందు నానొంగి దండం ఎట్టినాను. ఎవుడి అబద్దానికెట్టినాన్రా ఆ దండం?" నూకయ్య కళ్లు మూసుకున్నాడు. "ఎల్లి ఊరికి సెప్పు. సెప్పినాకే నాతో మాటాడు."

ఆదివారం పడవలు ఒడ్డునే ఉంటాయి. మగవాళ్లు వలలు ఆరబెట్టుకుంటుండగా ఈశ్వర్ వెళ్లి మధ్యలో నిలబడ్డాడు. వీడియోలో అంత బాగా వచ్చిన మాటలు ఇప్పుడు రాలేదు. తడబడుతూ, ఆగుతూ చెప్పాడు. "పరీక్షకి నానెల్లనేదు. మీకు అబద్దం సెప్పినాను. మీరిచ్చిన యేట..." అని అక్కడ ఆగిపోయాడు.

ఒకతను ఇసకలో ఉమ్మి లేచిపోయాడు. వెనకనుంచి ఎవరో, "తూ, లచ్మణుడంట!" అన్నారు. తిరుమలరావు తన వల్లోంచి నాచు ఏరుకుంటూనే ఉన్నాడు. చివరికి జగ్గమ్మ కర్ర ఊతంగా ముందుకొచ్చింది.

"డబ్బులు ఎనక్కిచ్చేస్తానంటావేటి?"

"మీరడిగితే..."

"నీకెవుడిచ్చినాడ్రా ఎనక్కివ్వడానికి? నూకయ్యకిచ్చినాం. ఆడి రోగం అబద్దం కాదు గదా." ఆమె అతన్ని ఎగాదిగా చూసింది. "నీకు మాత్రం ఏటీ ఇయ్యనేదు. పో."

అది క్షమించడం కాదని ఈశ్వర్‌కి తెలుసు. ఆ తరవాత చాలా వారాలు ఎవరూ అతన్ని పడవలోకి పిలవలేదు. హేమకి అప్పటికే ఆడపిల్ల పుట్టి ఆరు నెలలు. బావి దగ్గరికి వెళ్తే మిగతా ఆడవాళ్లు మాటలు ఆపేసేవారు. ఒక మధ్యాహ్నం ఆమె బిందె దించి, "నాను అవాళే అడగాల్సింది. తెలిసే అడగనేదు. ఇందులో నాకూ వాటా ఉన్నాది," అంది. ఆమే మళ్లీ, "ఎల్లు. పరీక్షలు సేయించుకో. నానేటీ అనను," అంది.

ఈసారి నూకయ్య, దేవి, ఈశ్వర్ ముగ్గురూ కలిసి వెళ్లారు. బస్సులో నూకయ్య కిటికీ పక్క కూర్చున్నాడు. ఊరికి చెప్పాక మాట్లాడతానన్నాడు గానీ, అవసరమైన రెండు మాటలు తప్ప మాట్లాడటం లేదు. ఈశ్వర్‌కి మూడు రోజులు పరీక్షలు చేశారు. అన్నీ సరిపోయాయి. కిడ్నీలు రెండూ బాగున్నాయని, ఒక్కదానితో హాయిగా బతకొచ్చని, కొన్ని నెలలు ఆగి మళ్లీ వేటకి వెళ్లొచ్చని డాక్టరమ్మ చెప్పింది. రణస్థలంలో అతన్ని దింపేసిన భయానికి సమాధానం పది నిమిషాల్లో అయిపోయింది.

నాలుగో రోజు ముగ్గుర్నీ కూర్చోబెట్టి ఆమె ఇంకో కాగితం తీసింది.

"నూకయ్యగారి గుండె స్కాన్ ఇది. గుండె కొట్టుకునే బలం బాగా తగ్గింది. డయాలసిస్ మీద ఉన్నవాళ్లలో కొందరికి ఇలా అవుతుంది. ఈ పరిస్థితిలో ఆపరేషన్ చేస్తే బల్ల మీదే ప్రమాదం. మందులు రాస్తాను. ఆరు నెలల తరవాత మళ్లీ స్కాన్ తీద్దాం. మెరుగైతే చేద్దాం."

"మెరుగవుతాదా అమ్మా?" దేవి అడిగింది.

"కొందరికి అవుతుంది."

ఈశ్వర్ అడగకూడదనుకుంటూనే అడిగాడు. "తొమ్మిది పది నెల్ల కిందటైతే?"

ఆమె ఫైలు వెనక్కి తిప్పి పాత కాగితం చూసింది. "అప్పటి స్కాన్ బాగానే ఉంది," అంది. ఈశ్వర్ ముఖం చూసి, "అప్పుడు చేసుంటే ఏమయ్యేదో ఇప్పుడెవరూ చెప్పలేరు," అని కూడా అంది. కానీ అతనికి మొదటి మాటే వినిపించింది.

వరండాలోకి వచ్చాక అతను గోడకి తల ఆనించి ఏడ్చాడు. పక్కన జనం నడుస్తున్నా ఆపుకోలేదు. దేవి మందుల చీటీ పట్టుకుని దూరంగా నిలబడింది. నూకయ్యే కాళ్లీడ్చుకుంటూ దగ్గరికొచ్చాడు.

"ఇంక ఊరుకో. ఆకలేస్తాంది," అన్నాడు.

ఊరిచ్చిన డబ్బు ఇప్పుడు గుండె మందులకీ, తిరుగుళ్లకీ ఖర్చవుతోంది. సోమవారం, గురువారం అన్నని తీసుకెళ్లేది ఈశ్వరే. చీపురుపల్లి సంతకి మూడుసార్లు వెళ్లాడు. రెండోసారి చిన్నతల్లి కనిపించింది. మొత్తం చెప్పి, ఆమె డబ్బు ఆమె ముందు పెట్టాడు. ఆమె డబ్బు తీసుకుంది.  అతను మూడోసారి వెళ్లినప్పుడు తల తిప్పుకుని, పెసలు కొలుస్తూ ఉండిపోయింది.

శ్రావణంలో గజపతినగరం వైపునుంచి పద్మకుమారి అనే ఆమె వెతుక్కుంటూ వచ్చింది. భర్తకి కూడా కిడ్నీల జబ్బే. వీడియో చూసింది గానీ ఆ తరవాత జరిగింది ఆమెకి తెలియదు.

"నువ్వు మాటాడితే రాళ్లు కూడా కరుగుతాయంట బాబూ. మా ఆయన గురించి నువ్వే సెప్పాల," అంది.

నూకయ్య నులకమంచం మీద కూర్చుని వింటున్నాడు. ఈశ్వర్ అన్న వైపు చూడకుండా, "ఆ వీడియోలో నాను సెప్పింది అబద్దమమ్మా," అన్నాడు. జరిగింది చెప్పాడు. ఊరికి చెప్పినప్పటికన్నా కాస్త తేలిగ్గా వచ్చిందేమోనని చూసుకున్నాడు. రాలేదు.

ఆమె లేచి వెళ్లిపోతుందనుకున్నాడు. వెళ్లలేదు. కొంగు వేలికి చుట్టుకుంటూ, "మా ఆయనకీ తమ్ముడున్నాడు," అంది. "ఆడూ సరిపోనేదనే సెప్పినాడు. నానాడిని ఎలగడగాలి?"

ఈశ్వర్ అన్న వైపు తిరిగాడు. నూకయ్యే మంచం మీదనుంచి మాట్లాడాడు.

"ఇష్టం నేకపోతే నేదని సెప్పమను తల్లీ. ఆ మాట సెప్పినా సుట్టరికం పోదని ముందుగాల నువ్వే సెప్పు. అలగని మాకెవుడూ సెప్పనేదు."

ఆమె కళ్లు తుడుచుకుని, బస్సు టైమైందని బయలుదేరింది. ఈశ్వర్ ఆమెని రోడ్డు దాకా దిగబెట్టి వచ్చేసరికి నూకయ్య మంచం మీద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. గుండె స్కాన్‌కి ఇంకా రెండు నెలలుంది. ఈశ్వర్ కాళ్ల దగ్గర కూర్చుని, వాచిన పాదాలు ఒళ్లోకి తీసుకుని మెల్లగా వత్తడం మొదలుపెట్టాడు. నూకయ్య వద్దనలేదు.